పాత సైకిల్‌కు వయసు ఎక్కడుంటుంది?

మౌంటెన్ బైక్ పుట్టిందే పాత సైకిళ్ళ బాగుచేతలోంచి. 1970లలో కాలిఫోర్నియాలోని మరీన్ కౌంటీలో, టామల్‌పైస్ కొండ చుట్టుపక్కల ఉండే కుర్రకారు 1930, 40లలో తయారైన లావు టైర్ల ష్విన్ సైకిళ్ళను వెతికి తెచ్చి, విప్పి, బిగించి, కొండమీది మట్టిదారుల్లో దిగడానికి వాడుకున్నారు. వాటిని క్లంకర్లు అనేవారు. ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర రెండు మైళ్ళ పైచిలుకు దూరంలో దాదాపు 1,300 అడుగులు దిగిపోయే దారి ఒకటుంది. 1976 అక్టోబరు 21న అక్కడ మొదటి పందెం జరిగింది. ఆ సైకిళ్ళకు ఉన్నది కోస్టర్ బ్రేకు, అంటే పెడల్‌ను వెనక్కి తొక్కితే వెనక చక్రం హబ్‌లో పట్టుకునే బ్రేకు. ఒక్కసారి కొండ దిగేసరికి హబ్‌లోని గ్రీజు పొగై పోయేది. మళ్ళీ విప్పి గ్రీజు కూరితే తప్ప రెండోసారి దిగడానికి లేదు. ఆ దారికి రీప్యాక్ అనే పేరు స్థిరపడింది అందుకే. లెక్క వేస్తే ఇందులో వింతేమీ లేదు. మనిషీ సైకిలూ కలిపి 90 కిలోలు, దిగిన ఎత్తు సుమారు 400 మీటర్లు అనుకుంటే విడుదలయ్యే శక్తి 350 కిలోజౌళ్ళు. మామూలు వేడిమిలో ఉన్న లీటరు నీళ్ళను మరిగించడానికి ఇంచుమించు అంతే శక్తి పడుతుంది. గాలి కొంత పంచుకున్నా, మిగిలిన దాంట్లో చాలామటుకు అయిదారు నిమిషాల్లో పిడికిలంత హబ్‌లోకి వేడిగా చేరేది.

ఈ అధ్యాయం చెప్పదలచుకున్న సంగతి అక్కడే ఉంది. ఒకే సైకిల్‌లో స్టీలు గొట్టాల ఫ్రేము మూడు నాలుగు దశాబ్దాలు దాటినా పనికొచ్చింది, గ్రీజు అయిదు నిమిషాలకే అయిపోయింది. సెకండ్ హ్యాండ్ మౌంటెన్ బైక్ కొనబోయే కొత్తవారు మొట్టమొదట అడిగేది ‘ఎన్నేళ్ళ పాతది?’ అని. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు వల్ల ఒరిగేది చాలా తక్కువ. సైకిల్ భాగాలు మూడు వేర్వేరు కారణాల వల్ల పాతబడతాయి. పదేపదే బరువు పడే లోహం అలిసిపోతుంది. ఒకదానిమీద ఒకటి కదిలేవి అరిగిపోతాయి. గాలి, నీరు, ఎండ తగిలేవి రసాయనికంగా మారిపోతాయి. మొదటిది పెడళ్ళు ఎన్నిసార్లు తిరిగాయన్న లెక్క. రెండోది ఎంత దూరం, ఎంత దుమ్ములో నడిచిందన్న లెక్క. క్యాలెండరుతో నేరుగా సంబంధం ఉన్నది మూడోదానికే. కాబట్టి ఈ వయసులు ఎక్కడెక్కడ చేరాయో కంటికి కనిపించే సైకిల్, చేరిన చోట ఆ ఒక్క ముక్కనే విప్పి మార్చుకోగలిగిన సైకిల్, కొత్తవారికి అన్నిటికంటే మంచి బేరం. ఆ కొలతతో చూస్తే 1980ల చివరి నుంచి 1990ల చివరి దాకా అమెరికాలోనూ యూరప్‌లోనూ లక్షల్లో అమ్ముడైన, ముందు షాక్ లేని స్టీలు ఫ్రేము మౌంటెన్ బైకులు చాలా కొత్త సైకిళ్ళ కన్నా మెరుగ్గా నిలుస్తాయి. అమెరికాలో యూనివర్సిటీ ఊళ్ళకు చదువుకోడానికి వెళ్ళే మన పిల్లలకు మొదటి వాహనంగా తరచు దొరికేవీ ఇవే.

ఫ్రేముతో మొదలుపెడదాం, ఎందుకంటే మార్చడానికి వీల్లేని భాగం అదొక్కటే. లోహం ఒక్కసారి పడిన పెద్ద బరువుకు విరగడం వేరు, తట్టుకోగల బరువే లక్షలసార్లు పడి విరగడం వేరు. ఈ రెండో రకాన్ని క్రమపద్ధతిలో కొలిచినవాడు ఆగస్ట్ వోలర్ అనే ప్రష్యా రైల్వే ఇంజనీరు. మామూలుగా తిరిగే రైలు ఇరుసులు ఉన్నట్టుండి ఎందుకు విరుగుతున్నాయో తేల్చడానికి 1850, 60 దశకాల్లో ఆయన ఏళ్ళ తరబడి ఇరుసులను వంచి తిప్పి పరీక్షించాడు. ఉక్కు విషయంలో తేలింది ఏమిటంటే, ఒత్తిడి ఒక హద్దుకు దిగువన ఉంటే ఎన్ని లక్షలసార్లు పడినా అది విరగదు. ఆ హద్దు దాని గరిష్ఠ బలంలో సుమారు సగం దగ్గర ఉంటుంది. అల్యూమినియానికి అంత స్పష్టమైన హద్దు లేదు. ఒత్తిడి చిన్నదైనా దాని ఖాతాలో ఎంతో కొంత జమ అవుతూనే ఉంటుంది. నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే గంటకు 3,600 చుట్లు, 300 గంటలు తొక్కేసరికి 10 లక్షలు దాటిపోతాయి. 1977లో జో బ్రీజ్ ఈ పని కోసమే ప్రత్యేకంగా కొత్త ఫ్రేములు కట్టినప్పుడు ఎంచుకున్నది క్రోమియం ఒక శాతం, మాలిబ్డినం దానిలో అయిదోవంతు కలిసిన ఉక్కును. వాటిలో మొదటిది ఇప్పుడు అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. పాత సైకిళ్ళ ఫ్రేములో సీటు కిందుండే గొట్టం మీది స్టిక్కర్‌పై కనిపించే ‘క్రోమోలీ’ అన్న మాట ఈ ఉక్కు గురించే.

స్టీలు గనక భయం లేదని ఇంతటితో నిశ్చింతగా ఉండడానికి లేదు. దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. 1997లో జర్మనీ పత్రిక టూర్ ఖరీదైన రోడ్డు సైకిల్ ఫ్రేములు పన్నెండింటిని యంత్రాల మీద అలసట పరీక్షకు పెట్టించింది. విరగకుండా చివరిదాకా నిలిచిన మూడింటిలో రెండు అల్యూమినియంవి, ఒకటి కార్బన్‌ది. స్టీలువి అంతకు ముందే విరిగాయి. అల్యూమినియానికి హద్దు లేదని తెలిసిన డిజైనరు గొట్టాన్ని లావుగా, గోడను తగినంత మందంగా చేసి, ఒత్తిడినే తగ్గిస్తాడు. స్టీలును నమ్ముకున్న డిజైనరు బరువు తగ్గించడానికి గోడను పల్చన చేసి హద్దు దాటతాడు. అంటే ఏ లోహం అన్నదాని కన్నా ఎలా కట్టారన్నది పెద్ద సంగతి. ఈ అభ్యంతరాన్ని ఒప్పుకుంటూనే ఒకమాట చెప్పాలి. ఆ పరీక్షలోవి గ్రాముల పోటీకి కట్టిన ఫ్రేములు. మధ్యతరగతి మౌంటెన్ బైకుల్లో గొట్టాలు మందంగా ఉంటాయి, బరువు ఎక్కువన్న నిందను మోస్తూనే. పైగా స్టీలు ఫ్రేము చాలాసార్లు ముందుగా పగులు చూపించి, కిర్రుమని చెప్పి, ఆ తర్వాత తెగుతుంది. కొనేముందు చూడాల్సిన చోట్లు కొన్నే. హ్యాండిల్ కింది గొట్టం ఫ్రేముతో కలిసే అతుకు వెనక అడుగుభాగం, పెడళ్ళ ఇరుసు చుట్టూ ఉన్న అతుకులు, వెనక చక్రం కూర్చునే కొసలు. మొదటి చోట పెయింటు అడ్డంగా ముడతపడి ఉంటే ఆ సైకిల్ ఎదురుగా దేన్నో గుద్దిందని అర్థం. ఎంత చవకైనా వదిలేయాల్సిందే.

స్టీలుకు అసలు శత్రువు తుప్పు, అదీ మనకు కనిపించని లోపలి తుప్పు. ఉప్పునీరో, ఏళ్ళ తరబడి నిలిచిన తేమో తగిలిన ఉక్కుకు వోలర్ చూపించిన ఆ హద్దు చెరిగిపోతుంది. తుప్పు చేసిన ప్రతి గుంటా ఒక పగులుకు మొదలు కాగలదు. కాబట్టి పైన గీతలున్న చోట కనిపించే ఎర్రటి పొరను చూసి బెదిరిపోనక్కర్లేదు, సీటు గొట్టం పీకి లోపల టార్చి వేసి చూడాలి. ఇక్కడే ఇంకో పరీక్ష కూడా జరిగిపోతుంది. సీటును మోసే గొట్టం సాధారణంగా అల్యూమినియం, అది దిగేది స్టీలు గొట్టంలోకి. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ మధ్యలో చెమటో వాననీరో చేరితే అదొక చిన్న బ్యాటరీ అవుతుంది. ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదులుకునే అల్యూమినియం కరుగుతూ ఆక్సైడుగా మారుతుంది. ఆ తెల్లటి పొర అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనక సందు బిగుసుకుపోయి గొట్టం కదలదు. గ్రీజు రాయకుండా పదేళ్ళు వదిలేసిన సైకిళ్ళలో ఇది సర్వసాధారణం. సీటు ఎత్తు మార్చలేని సైకిల్ మన కాళ్ళకు సరిపోతే అది అదృష్టమే, ఎక్కువసార్లు సరిపోదు. బలవంతంగా తీయబోతే ఫ్రేమే పాడైపోవచ్చు. కాబట్టి డబ్బు చేతులు మారక ముందే సీటు గొట్టం కదులుతుందో లేదో చూసుకోవాలి.

అరుగుదల సంగతికి వస్తే, చైన్ దగ్గర తప్పుగా అర్థం చేసుకునేవారే ఎక్కువ. చైన్ సాగిందంటారు. నిజానికి అందులో ఏ పలకా సాగదు. ప్రతి కణుపులోనూ ఉన్న పిన్ను, అది తిరిగే రంధ్రం గోడ, రెండూ అరుగుతాయి. ఒక్కో కణుపు దగ్గర వెంట్రుకవాసి సందు ఏర్పడి, వందకు పైగా కణుపుల మీద అంతా కలిసి పొడవు పెరిగినట్టు కనిపిస్తుంది. కొలవడానికి ప్రత్యేక పనిముట్టు అక్కర్లేదు, స్టీలు అడుగుబద్ద చాలు. కణుపుకూ కణుపుకూ మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా అర అంగుళం. ఒక పిన్ను మధ్యన సున్నా పెడితే 24వ పిన్ను 12 అంగుళాల గీతమీద ఉండాలి. అది అంగుళంలో పదహారోవంతు అవతలికి జరిగితే అరుగుదల అర శాతం, కొత్త చైన్ వేసుకోవాలి. ఎనిమిదోవంతు జరిగితే ఒక శాతం, అప్పటికి వెనక పళ్ళచక్రాలు కూడా పాడై ఉంటాయి. పొడవు పెరిగిన చైన్ పన్నుకు పన్నుకు మధ్య ఉన్న కొలతకు సరిపోక, బరువంతా ఒకటి రెండు పళ్ళ మీదే వేసి వాటిని కొక్కేల్లా అరగదీస్తుంది. ఆ పళ్ళ మీద కొత్త చైన్ వేస్తే గట్టిగా తొక్కినప్పుడల్లా జారుతుంది. అమ్మేవాడు ‘కొత్త చైన్ వేయించాను’ అన్నప్పుడు సంతోషించే ముందు పళ్ళను చూడాలి.

చైన్‌కు నూనె ఎందుకన్నదీ ఆలోచించదగ్గదే. తొక్కడం తేలికవుతుందని సాధారణ నమ్మకం. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ స్పైసర్ బృందం 1990ల చివర్లో ప్రయోగశాలలో కొలిస్తే, శుభ్రమైన చైన్ మంచి పరిస్థితుల్లో 98.6 శాతం దాకా శక్తిని చక్రానికి చేరవేసింది. నూనె వేసినా వేయకపోయినా సామర్థ్యంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేడా తెచ్చినవి పళ్ళచక్రాల సైజు, చైన్ బిగువు. అయితే నూనె మానేయవచ్చా? మానేయకూడదు. ప్రయోగశాలలో ఇసుక లేదు, వాన లేదు, నెలల తరబడి వాడకం లేదు. నూనె అసలు పని పిన్నుకూ రంధ్రానికీ మధ్య లోహం లోహాన్ని తాకకుండా, తుప్పు పట్టకుండా కాపాడడం. ఆ పని జరిగేది లోపల. పలకల మీద బయట మిగిలిన నూనె దుమ్మును పట్టుకుని సానబెట్టే ముద్దగా మారుతుంది. కణుపు కణుపుకూ ఒక చుక్క వేసి, కాసేపు తిప్పి, పైనున్నదంతా గుడ్డతో తుడిచేయాలి. పాత సైకిల్ మీద నల్లగా గట్టిపడిన జిడ్డును సంరక్షణకు గుర్తుగా చూపిస్తుంటారు కానీ, అది చాలాసార్లు అరుగుదలకే గుర్తు.

బేరింగుల విషయంలో మన ఊరి సైకిల్ షాపు మెకానిక్‌కు ఈ సైకిళ్ళు కొత్త కాదు. కప్పు, కోను, మధ్యలో విడి బాల్సు: పాత నల్ల సైకిల్‌లో ఉన్న అమరికే చాలా పాత మౌంటెన్ బైకుల హబ్బుల్లోనూ ఉంటుంది. సాధారణంగా వెనక హబ్‌లో పక్కకు తొమ్మిది చొప్పున పావు అంగుళం బాల్సు, ముందు హబ్‌లో పక్కకు పది చొప్పున కొంచెం చిన్నవి. బాల్ తాకేది చుక్కంత చోటే కాబట్టి అక్కడ ఒత్తిడి విపరీతం. గ్రీజు ఎండిపోయి, ఇసుక చేరి, ఏళ్ళు గడిస్తే కప్పు మీద గుంటలు లేస్తాయి. బాల్సూ కోనులూ చవకగా మార్చుకోవచ్చు. కప్పు చాలా హబ్బుల్లో బిగించేసి ఉంటుంది, అది పోతే హబ్బే పోయినట్టు. చక్రాన్ని చేత్తో పైకెత్తి, ఇరుసును వేళ్ళతో మెల్లగా తిప్పితే గరగర తెలిసిపోతుంది. బాల్సు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి మార్చాలి, పాతవాటిలో ఒక్క కొత్తది వేస్తే కాస్త లావుగా ఉన్న అదే బరువంతా మోసి ముందు దెబ్బతింటుంది. హ్యాండిల్ బేరింగు మాత్రం విచిత్రంగా పాడవుతుంది. తిన్నగా పోతున్నప్పుడు అక్కడి బాల్సు దొర్లవు, ఒకేచోట ఉండి అదురుతుంటాయి. ఆ అదురుకు గ్రీజు పక్కకు తప్పుకుని, బాల్ కింద గుంట పడుతుంది. హ్యాండిల్ నెమ్మదిగా తిప్పుతుంటే నడిమధ్యన టక్కుమని ఆగితే రోగం అదే. ఈ భాగం మార్చడం పెద్ద ఖర్చేమీ కాదు, బేరంలో మాత్రం చెప్పుకోదగ్గ ఆయుధం.

కొత్తగా పానా పట్టినవారు మొదటి రోజే చేసే నష్టం మరల దగ్గర. కుడి పెడల్ మామూలు మర, ఎడమ పెడల్ తిరగమర. ఇందులో కారణం మొదట తలకిందులుగా తోస్తుంది. పెడల్ బేరింగు రాపిడి పెడల్ ఇరుసును ఒక వైపుకు లాగుతుంది, కానీ తొక్కే బరువు కింద ఇరుసు తన రంధ్రంలో అతి సూక్ష్మంగా దొర్లుతూ దానికి ఎదురు దిశలో తిరగడానికి ప్రయత్నిస్తుంది. ఈ రెండో బలమే గెలుస్తుంది. అందుకే ఎడమవైపు మామూలు మర పెడితే తొక్కగా తొక్కగా ఊడిపోయేది. మౌంటెన్ బైకుల్లో ఎక్కువగా కనిపించే పెడళ్ళ మధ్య ఇరుసు గూడులో కుడివైపు కప్పుకు తిరగమర ఉండడానికీ ఇదే కారణం. ఈ సంగతి తెలియక బలం ఉపయోగిస్తే పెడల్‌ను బిగించే అల్యూమినియం క్రాంకులో మర చెరిగిపోతుంది. అప్పటిదాకా బాగున్న భాగం ఒక్క నిమిషంలో పనికిరాకుండా పోతుంది. విప్పే ముందు తుప్పు వదిలించే నూనె రాసి ఒక రాత్రి ఆగడం, బిగించే ముందు ప్రతి మరకూ గ్రీజు రాయడం, ఈ రెండు అలవాట్లే పాత సైకిల్ బాగుచేతలో సగం విద్య.

ముందు షాక్ ఉన్న సైకిల్ ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు చెప్పడం తేలిక. రాక్‌షాక్స్ మొదటి ఫోర్కు 1989లో వచ్చింది. తర్వాతి పదేళ్ళలో వచ్చిన చాలా ఫోర్కుల్లో స్ప్రింగుకు బదులు రబ్బరులాంటి దిమ్మెలు వాడారు. అవి క్యాలెండరు ప్రకారమే ముసలివవుతాయి, తొక్కినా తొక్కకపోయినా గట్టిపడి పొడిపొడిగా రాలిపోతాయి. ఇప్పటి ఫోర్కులకు కూడా సుమారు 50 గంటల వాడకానికోసారి కింది కాళ్ళు విప్పి నూనె, సీళ్ళు చూడాలని కంపెనీలే చెబుతాయి. అమ్మకానికి పెట్టిన పాత సైకిళ్ళకు ఆ సేవ జరిగి ఉండడం అరుదు. మార్చేద్దామంటే ఇప్పటి ఫోర్కుల మెడ కిందికి లావెక్కి ఉంటుంది, పాత ఫ్రేములో పట్టదు. హైడ్రాలిక్ బ్రేకులదీ కొంతవరకు ఇదే కథ. కొన్ని రకాల్లో వాడే డాట్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక ఆ కనీస హద్దు 155కి దిగుతుంది. ఇంకొన్నింటిలో మినరల్ ఆయిల్ ఉంటుంది. ఒకదాంట్లో పోయాల్సింది ఇంకోదాంట్లో పోస్తే సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. వీటిని బాగుచేయలేమని కాదు. వయసు లోపల దాక్కుని ఉండే ఇలాంటి భాగాలు నేర్చుకునేవారి మొదటి సైకిల్‌కు తగవు.

‘మరి రిమ్ముని పట్టే పాత బ్రేకులు కొండలకు చాలవు కదా’ అనేవారున్నారు. నిటారు దిగుడులో, బురదలో డిస్క్ బ్రేకు మేలన్నది నిజం, వాదించడానికేమీ లేదు. రిమ్ము బ్రేకులో ఇంకో దోషం కూడా ఉంది: ఆపిన ప్రతిసారీ రిమ్ము గోడే అరుగుతుంది. స్కేలు అంచు ఆనించి చూస్తే గోడ లోపలికి గుంటపడి ఉంటే ఆ రిమ్ము టైరు గాలికే పగలవచ్చు, చక్రం మార్చాల్సిందే. కానీ ఊరి మట్టిదారులు, కాలువ గట్లు, రోడ్డు ప్రయాణం చేసేవారికి కొత్త రబ్బరు దిమ్మెలు, కొత్త తీగలు, సరైన సర్దుబాటు ఉన్న వి-బ్రేకు వంటి రిమ్ము బ్రేకు పూర్తిగా సరిపోతుంది. పాత దిమ్మెలు గట్టిపడిపోయి ఉంటాయి, బ్రేకు బలహీనమన్న పేరు సగం వాటివల్లే వచ్చింది. టైర్లదీ అదే లెక్క. రబ్బరు అణువుల్లోని జంట బంధాలను గాలిలోని ఓజోను తెంచుతుంది, లాగి ఉన్న పక్కగోడల మీద సన్నటి పగుళ్ళు పడతాయి. గొలుసుకట్టుగా పగిలిన టైరును బేరంలో సున్నా కింద లెక్కగట్టాలి.

26 అంగుళాల చక్రం కాలం చెల్లిందన్నది మరో అభ్యంతరం. కొత్త మౌంటెన్ బైకుల్లో 2010ల నడుమకల్లా 27.5, 29 అంగుళాల చక్రాలు వచ్చేశాయన్నది వాస్తవమే. పెద్ద చక్రం గుంటల మీదుగా తేలిగ్గా దొర్లుతుంది కూడా. కానీ ఈ 26 అంగుళాల రిమ్ము, అంటే టైరు కూర్చునే చోట 559 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నది, 1933లో ష్విన్ తెచ్చిన లావు టైర్ల నుంచి వస్తున్నది. పోటీల నుంచి తప్పుకున్నా ప్రపంచమంతటా ఇంకా తయారవుతూనే ఉంది, మన ఊళ్ళ సైకిల్ షాపుల్లోనూ దొరుకుతుంది. జాగ్రత్త పడాల్సింది అంకెల దగ్గర: టైరు మీద 26 x 1.95 అనో 2.125 అనో దశాంశంలో ఉంటే ఇదే కొలత. 26 x 1⅜ అని భిన్నంలో ఉంటే అది 590 మిల్లీమీటర్ల రిమ్ముది, దీనికి ఎక్కితే వదులై ఊడుతుంది. కొనే ముందు టైరు పక్కన అచ్చు వేసిన మిల్లీమీటర్ల అంకెనే చూసుకోవడం మంచిది.

చివరిగా ఖర్చు. బాగుచేతకయ్యేది కొన్న ధరను దాటిపోతుందని, అంతకు కొత్తదే వస్తుందని అంటారు. చాలాసార్లు దాటుతుంది కూడా. అయితే పోల్చాల్సింది దేనితో? అదే ధరకు వచ్చే కొత్త సైకిల్‌లో కనిపించే షాక్ ఎక్కువగా విప్పి సేవ చేయడానికి వీల్లేనిది, వెనక గేర్లు పాత పద్ధతిలో మరతో బిగించినవి. ఈ మరబిగింపు రకంలో కుడివైపు బేరింగు ఇరుసు కొసకు దూరంగా ఉంటుంది, ఎగుడుదిగుడు దారిలో ఇరుసు వంగిపోతుంది. అప్పట్లో మంచి మధ్యతరగతి మౌంటెన్ బైకుల్లో బేరింగును కొసకు జరిపిన ఫ్రీహబ్బు ఉండేది. ధర ఒకటే అయినా వచ్చే వస్తువు ఒకటి కాదు. పర్యావరణం లెక్కా ఉంది. తాము తయారుచేసే ఒక్కో సైకిల్ వెనక సగటున సుమారు 174 కిలోల కార్బన్ డయాక్సైడుకు సమానమైన వాయువులు వెలువడుతున్నాయని ట్రెక్ కంపెనీ 2021లో తన లెక్క ప్రకటించింది. ఉన్న ఫ్రేమును వాడుకుంటే అందులో పెద్ద వాటా మళ్ళీ వెలువడదు.

అయినా ఖర్చు అభ్యంతరానికి బలం లేకపోలేదు, దానికి జవాబు బేరానికి ముందు వేసుకునే లెక్కలోనే ఉంది. చైన్, రెండు టైర్లు, ట్యూబులు, బ్రేకు దిమ్మెలు, తీగలు, బాల్సు, ఒక డబ్బా గ్రీజు: ఇవి ఎలాగూ కొనాల్సినవే అనుకుని ముందే కూడాలి. వాటికి పళ్ళచక్రాలు తోడైనా ఫర్వాలేదు. రిమ్ములు, హబ్ కప్పులు కూడా పోయి ఉంటే లెక్క తలకిందులవుతుంది, ఇంకో సైకిల్ చూసుకోవాలి. ఫ్రేము పగిలినా, సీటు గొట్టం కదలకపోయినా కూడికే అక్కర్లేదు. అలాంటి సైకిల్‌ను ఉచితంగా ఇస్తామన్నా, పనికొచ్చే ముక్కలు ఊడదీసుకోవడానికైతేనే తెచ్చుకోవాలి.